పైకీ కిందికీ ఊగే మిషన్

ఫిబ్రవరి 9

మామయ్యకి,

నీ చిత్రిక రాస్తున్నది. ఫోన్ చేస్తే నువ్వు “ఆఁ? ఆఁ?” అనడం, నేను అరవడం, ఇక్కడ పక్కింటివాళ్ళు కిటికీ తీసి చూడడం, ఇదంతా ఎందుకని ఉత్తరమే రాస్తున్నాను. చెక్క అచ్చులు చేస్తూ నలభై ఏళ్ళు మోటార్ల పక్కన నిలబడ్డ చెవులు నీవి. వాటిని ఇంకా ఏం బాధపెడతాను? పైగా కాగితం మీద బొమ్మ గీస్తే గానీ నీకు సంగతి ఎక్కదు. నాకూ అంతే.

అసలు విషయం. మా ఆసుపత్రి పిల్లల వార్డులో, నేను వ్యాయామాలు చేయించే గదిలో, నడుము నిలవని పిల్లల్ని కుర్చీలో కూర్చోబెట్టి ముందు ఒక పలక బిగిస్తాం. ఆ పలకకి పిల్ల పొట్ట పట్టేట్టు అర్ధచంద్రంగా కోత ఉంటుంది. దానిమీద మోచేతులు ఆనించి ఆడుకుంటారు. ఇప్పుడున్నవి ప్లాస్టిక్‌వి, అంచులు పగిలిపోయాయి. నాలుగేళ్ళ పిల్ల ఒకతె ఉంది, అందరం పిట్ట అంటాం. ఆ అంచు ఒరుసుకుని దాని పక్కటెముకల దగ్గర రోజూ ఎర్రగా కందిపోతోంది. నోరు ఊరుకోక “పన్నెండు పలకలు చెక్కతో నేను చేసిస్తాను” అనేశాను.

కోత బాగానే కోశాను. లోపలి వంపు మాత్రం ఎలక కొరికినట్టుంది. చేత్తో రుద్దితే ఒక్కో పలకకి సగం రోజు పడుతోంది, అంచు నిటారుగా నిలవడం లేదు. కాబట్టి మిషన్ కొనాలి. మూడు దారులున్నాయి. ఒకటి, నీ షెడ్డులో ఉన్నదానిలాంటిదే, బల్ల మీద పెట్టుకునేది. నిలువు ఇరుసుకి రబ్బరు డ్రమ్ము, దానికి ఉప్పు కాగితం తొడుగు. తిరుగుతూనే పైకీ కిందికీ ఊగుతుంది. రెండోది నేల మీద నిలబడే పెద్ద మిషన్. ఇక్కడ ఒక ఫర్నిచర్ కార్ఖానా మూసేస్తూ అమ్ముతున్నారు. మూడోది నా డ్రిల్లింగ్ మిషన్‌కే తగిలించుకునే డ్రమ్ము. అది తిరుగుతుంది, ఊగదు. ఆ ఊగడం నిజంగా అవసరమా? నిలబడేది మంచిదా, బల్ల మీద కూర్చునేది మంచిదా? నా గరాజులో స్కూటరూ వాషింగ్ మిషనూ పోగా మిగిలిన చోటు వెనక పేజీలో గీశాను. కొలతలు నమ్ము, గీతలు నమ్మకు.

అత్తయ్యని అడిగానని చెప్పు.

నీ చిత్రిక

*

ఫిబ్రవరి 17

చిరంజీవి అమ్మడుకి మామయ్య ఆశీస్సులు.

నా కుడి చెయ్యి బెణికింది. అందుకని మీ అత్తయ్య చేత రాయిస్తున్నాను. కంగారు పడవలసింది ఏమీ లేదు. ఆవిడ రాతలో తప్పులుంటే సర్దుకో.

నీ ఉత్తరం అంతా చదివించుకున్నాను. ఊగేది ఏదీ కొనకు. మిషన్ ఊగితే పని చెడుతుంది. ఈ మాట ఎన్నో ఏళ్ళ కిందట నా నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకుని కింద రెండు గీతలు గీసుకున్నాను. డ్రిల్లుకి తగిలించేది ఊగదని నువ్వే రాశావు కాబట్టి అదే తీసుకో. నిలబడేది మంచిదా, కూర్చునేది మంచిదా అని అడిగావు. నిలబడగలిగితే అంతకన్నా కావలసింది ఏముంది?

చెక్కపొట్టు ఎగిరేచోట బట్టలు ఉతుక్కోవడం నాకు నచ్చలేదు. తడిబట్టకి పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. ముక్కుకి గుడ్డ కట్టుకుంటున్నావా? వేళకి భోజనం చేస్తున్నావా? పిట్ట అనే ఆ పిల్లకి కందినచోట ఏదైనా నూనె రాయించు. తల్లి దగ్గరుండి చూసుకుంటోందా?

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఈ నెలలో ఇటు రావాలని పెట్టుకోకు, నీకు పని ఉంటుంది.

మామయ్య

*

మార్చి 1

మామయ్యకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివినా తలాతోకా తెలియలేదు. ‘అమ్మడు’ ఎవరు? నా పదో ఏట, చెక్క నునుపుచేసే నీ చిత్రిక ఎత్తుకుపోయి దాచుకున్న దగ్గర్నుంచీ నన్ను చిత్రిక అనే పిలిచావు. సరే, రాస్తున్నది అత్తయ్య కాబట్టి తన పిలుపు పెట్టిందనుకున్నాను. బట్టల సంగతి కూడా ఆవిడ కలిపిందే అయ్యుంటుంది.

అయితే నీ షెడ్డులో ఉన్నది ఊగే మిషనే కదా! పాతికేళ్ళు దానిమీద అచ్చులు చేసి, నాకు మాత్రం ఊగేది వద్దంటావేం? ఏదో మతలబు ఉండి ఉంటుందని, నీ మాట కాదనలేక, డ్రిల్లుకి డ్రమ్ము తగిలించాను. మొదటి పలక వంపు పొడుగునా నల్లగా రెండు చారలు కాలాయి. కాగితం ఒకేచోట అరిగి నున్నబడింది, దాని పైనా కిందా ఉన్న ముప్పాతిక వంతు కొత్తది కొత్తగానే ఉంది. ఆ కమురు వాసన నా యూనిఫారానికి పట్టి, వార్డులో పిట్ట “నువ్వు వంట మాడ్చావా?” అని అడిగింది.

ఇప్పుడు వివరంగా చెప్పు. స్లీవు ఎన్నాళ్ళకోసారి మార్చాలి? పొడుగుది మంచిదా, పొట్టిదా? ఉప్పు కాగితం నా దగ్గర నూట ఇరవై, ఎనభై ఉన్నాయి. ఇవి చాలా, ఇంకా పెద్ద నంబరు కావాలా? పలకని ఎటునుంచి ఎటు నడపాలి?

నీ చెయ్యి ఎలా ఉంది? మణికట్టా, వేళ్ళా? వాపుందా? గుప్పిట మూసి తెరువు, పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు. నువ్వు బద్ధకిస్తావని తెలుసు. చేస్తున్నదీ లేనిదీ అత్తయ్యనే రాయమను.

చిత్రిక

*

మార్చి 9

చిరంజీవి చిత్రికకి మామయ్య ఆశీస్సులు.

పిలుపు మరిచిపోయినందుకు ఏమీ అనుకోకు. గుప్పిట మూస్తున్నాను. తెరవడమే కొంచెం ఆలస్యమవుతోంది.

స్లీవుల సంగతి అడిగావు. పొట్టివే మంచివి. పొడుగు స్లీవులు మిషన్లో చిక్కుకుంటే చెయ్యి లాగేస్తుంది. తప్పదనుకుంటే మోచేతి పైకి మడిచి పిన్నీసు పెట్టుకో. రోజూ మార్చు, చెమటపట్టినవి మళ్ళీ వేసుకోకు. నూట ఇరవై, ఎనభై ఉన్నాయంటే అంతకన్నా ఏం కావాలి? ఇంకా పెద్ద నంబరు కావాలని ఎవరైనా కోరుకుంటారా? ఉప్పు మాట ఎత్తావు. అది తగ్గించు, మిగతాదంతా అదే దారికి వస్తుంది.

పలక కుడి నుంచి ఎడమకి నడపాలి. పుస్తకంలో బాణం గుర్తు వేసి ఉంది, అది చూసే రాయిస్తున్నాను. ఇందులో అనుమానం లేదు.

చెక్క కాలిందని దిగులుపడకు, తొందరపడి ఉంటావు. నాకూ ఈమధ్య అన్నీ నిదానంగా చేసుకోవడం అలవాటవుతోంది. వార్డులో పిల్లలు మాటలు నేర్చుకోవడానికి ఎంతకాలం పడుతుంది? ఊరికే అడుగుతున్నాను.

మామయ్య

*

మార్చి 18

మామయ్యా,

నామీద కోపం ఉంటే కోపమని రాయి. ఈ దొంగాట దేనికి?

స్లీవంటే డ్రమ్ముకి తొడిగే కాగితపు గొట్టమని నాకు నేర్పింది నువ్వు. దానికి పిన్నీసు పెట్టమంటావా? నేను ఉప్పు కాగితం నంబర్లు అడిగితే, రక్తపోటు చూసిన డాక్టరులా ఉప్పు తగ్గించమంటావా? వార్డులో చదివి వినిపిస్తే నర్సులు పొట్టచెక్కలయ్యేట్టు నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

ఇక బాణం గుర్తు సంగతి. నా డ్రిల్లు తిరిగే దిక్కు చూస్తే పలక ఎడమ నుంచి కుడికి నడపాలని నా కళ్ళకే తెలుస్తోంది. తిరిగేదానికి ఎదురు నడపాలన్నది నీ షెడ్డులో నా మొదటి పాఠం. కానీ ‘ఇందులో అనుమానం లేదు’ అన్నావే! నా తెలివి పక్కనపెట్టి నీ మాట విన్నాను. డ్రమ్ము పలకని నా చేతుల్లోంచి లాక్కుని గోడకి కొట్టింది. ఎడమచేతి వేలి కణుపుల మీద అయిదు కుట్లు పడ్డాయి. పిల్లలు పట్టుకుని అడుగు వేసే చెయ్యి ఇది. పిట్ట ఆ కట్టు చూసి నా చెయ్యి పట్టుకోనంది. వారం రోజులుగా నడక సాధన మానేసింది.

కారణం నాకు తెలియదనుకోకు. రెండేళ్ళ కిందట నీ షెడ్డులో నిలబడి, ఆసుపత్రి ఉద్యోగం వదలనని, చెక్కపని నాకు కాలక్షేపమని అన్నాను. ‘కాలక్షేపమా’ అని ఒక్కమాట అని నువ్వు లోపలికి వెళ్ళిపోయావు. ఆ మాట నీకు ఇంకా గుచ్చుకుంటోంది. అందుకే కాలక్షేపం మనిషికి కాలక్షేపం జవాబులు రాయిస్తున్నావు.

ఇక నిన్నేమీ అడగను. కార్ఖానావాళ్ళ నిలబడే మిషనే తీసుకుంటానని చెప్పేశాను. నెలాఖరుకి తీసుకెళ్ళమన్నారు.

ఉంటాను.

*

మార్చి 25

అమ్మడూ,

ఇది మీ మామయ్య చెప్పి రాయించిన ఉత్తరం కాదు. ముందువి కూడా కావు. అన్నీ నేనే రాశాను.

నీ చేతికి కుట్లు పడ్డాయని చదివాక మీ మామయ్య నోటుపుస్తకం మూసేశాను. ఇంకా దాచిపెడితే నిన్ను ఏం చేసేస్తానోనని భయమేసింది.

జనవరి ఇరవై రెండున పొద్దున్నే మీ మామయ్య షెడ్డులోకి వెళ్ళారు. మోటారు చప్పుడు ఆగలేదు. ఎప్పుడూ అంతసేపు ఒకే శ్రుతిలో ఉండదు అది. వెళ్ళి చూస్తే మిషన్ పక్కన నేల మీద పడి ఉన్నారు, కళ్ళు తెరిచే ఉన్నాయి. పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ పోయాయి. ఆసుపత్రిలో పదహారు రోజులున్నాం. ఇంటికి వచ్చిన నాలుగో రోజున నీ మొదటి ఉత్తరం వచ్చింది.

ఆసుపత్రిలో ఉండగా “అమ్మాయికి కబురు చెయ్యనా?” అని అడిగాను. తల అడ్డంగా ఊపారు. మళ్ళీ అడిగాను, మళ్ళీ ఊపారు. నా చెయ్యి పట్టుకుని మరీ ఊపారు. ఈ స్థితిలో నువ్వు చూడకూడదని ఆయన పంతం కాబోలనుకున్నాను. నీ గొంతు వింటే నిజం కక్కేస్తానని నీ ఫోన్లు ఎత్తడం మానేశాను.

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. ‘చిత్రిక’ అనగానే కళ్ళ వెంట నీళ్ళు. జవాబు రాయకపోతే నువ్వు అనుమానపడి వచ్చేస్తావు. అందుకని ఆయన నోటుపుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. ‘ఊగితే’ అన్న మాట కనబడితే ఊగితే అని రాశాను. బాణం కనబడితే బాణం రాశాను. నలభై ఏళ్ళు ఆయన షెడ్డులోంచి వచ్చాక పని కబుర్లు చెబుతుంటే ఊఁ కొట్టాను గానీ ఒక్కటీ చెవిన వేసుకోలేదని ఈ వయసులో తెలిసింది. స్లీవులంటే నాకు చొక్కా చేతులే. నూట ఇరవై, ఎనభై అంటే, రోజూ ఇంటికొచ్చి రక్తపోటు చూసే నర్సు చెప్పాలని నేను దేవుడికి మొక్కుకునే అంకెలు. నీకు ఆ అంకెలున్నాయని చదివి ఎంత సంతోషించానో!

మీ మామయ్యకి నీమీద కోపం లేదు. ‘కాలక్షేపం’ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు. కోపమున్నా లేకపోయినా ఇప్పుడు చెప్పలేరు. తప్పంతా నాది. ఆ చెయ్యి తడవకుండా చూసుకో.

మీ అత్తయ్య

*

మార్చి 31

అత్తయ్యా,

మొన్న ఫోన్లో ఇద్దరం ఏడవడం తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. అందుకే రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పుకోనీ. గుప్పిట తెరవడం ఆలస్యమవుతోందని నువ్వు రాశావు. మాటలు రావడానికి ఎంతకాలం పడుతుందని అడిగావు. ఇవే మాటలు వార్డులో ఎవరైనా అంటే నేను పరిగెత్తుకుని వెళ్ళేదాన్ని. నా ఉద్యోగమే అది. నీ ఉత్తరాలు చదివి నవ్వించాను చూడు, అది తలుచుకుంటే నామీద నాకే రోత పుడుతోంది. తప్పు నీదని ఇంకోసారి రాయకు.

నా సెలవు ఏప్రిల్ ఇరవై నుంచి. నాతో పనిచేసే ఆవిడ కాన్పుకి వెళ్ళింది, ఆవిడ బదులు మనిషి ఆ రోజే చేరుతుంది. ఆ రోజే బయలుదేరి ఇరవై ఒకటి పొద్దున నీ గుమ్మంలో ఉంటాను. ఈలోగా నేను చెప్పేవి చెయ్యి. కూర్చున్నప్పుడు కుడిచెయ్యి వేలాడనీయకు, దిండు మీద పెట్టు. కుడిపక్క నుంచే వెళ్ళి పలకరించు. ఒక్కసారి ఒక్క మాటే అడుగు.

ఇంకోటి జాగ్రత్తగా చదువు. ఈ జబ్బులో అవునూ కాదూ తారుమారవుతాయి. మనసులో అవుననుకుంటూ తల అడ్డంగా ఊపుతారు. మామయ్య ఆసుపత్రిలో నా సంగతికి ఊపిన తల వద్దనే అని నువ్వెలా అనుకోగలవు? నన్ను పిలవమని కూడా అయ్యుండవచ్చు. ఇది నిన్ను బాధపెట్టడానికి రాయడం లేదు. ఇకమీదట తల ఊపుడు నమ్మకు, వస్తువు చూపించి అడుగు. షెడ్డులోకి తీసుకెళ్ళు. తెలిసిన వాసన, తెలిసిన చప్పుడు మనిషిని కదిలిస్తాయి.

నిలబడే మిషన్ వద్దని కార్ఖానావాళ్ళకి చెప్పేశాను. ఇప్పుడు నాకు ఏ మిషనూ వద్దు.

చిత్రిక

*

ఏప్రిల్ 8

అమ్మడూ,

ఫోను నీళ్ళ బకెట్లో పడి మూగబోయింది, బాగుచేయడానికి ఇచ్చాను. నువ్వు చేసినా కలవదు, గాభరాపడకు.

నువ్వు చెప్పినట్టు ఆయన్ని చక్రాల కుర్చీలో షెడ్డుకి తీసుకెళ్ళాను. జనవరి నుంచీ తాళం వేసి ఉంది. గుమ్మం దాటగానే ఆయన ముక్కుపుటాలు అదిరాయి. నాకేమనిపించిందో, మిషన్ మీద బూజు దులిపి మీట నొక్కాను. ఇన్నేళ్ళలో ఆ మీట ముట్టుకోవడం నాకదే మొదటిసారి.

అప్పుడు చూశాను ఊగడమంటే ఏమిటో! తిరగడం కంటికి కనబడదు. పైకి లేవడం, దిగడం మాత్రం నిదానంగా, నిద్రపోతున్న పసిపిల్ల పొట్ట కదిలినట్టుంది. ఒక చెక్కముక్క తీసుకుని ఆనించాను. కుర్చీలోంచి “ఊఁ! ఊఁ!” అని ఒకటే అరుపు. గబుక్కున తీసేశాను. ఎడమచేత్తో గాల్లో అటునుంచి ఇటు గీసి చూపించారు. అలాగే కుడి నుంచి ఎడమకి నడిపాను. నీ డ్రిల్లూ ఆయన మిషనూ చెరో దిక్కుకి తిరుగుతాయని అప్పుడు తెలిసింది నాకు. ఆ ముక్క వంపు ఎక్కడా కాలలేదు. కాగితం అంతటా సమానంగా తెల్లబడింది. ఎర్ర సిరా మాట కూడా మళ్ళీ చూశాను. దాని పక్కన చిన్న బోల్టు బొమ్మ ఉంది. మిషన్ కాళ్ళు ఊగకుండా బిగించుకోమని ఆ రాత. నేను ఆ బొమ్మని సిరా మరక అనుకున్నాను.

ఇక అసలు సంగతి. మిషన్ ఆపాక ఆయన ఎడమ అరచెయ్యి మిషన్ మీద పెట్టి, కిందికి నొక్కినట్టు చూపించి, తలుపు వైపు చూపించారు. మర్నాడూ అంతే. మిషన్, కిందికి, తలుపు. తల ఊపుడు నమ్మవద్దన్నావు కాబట్టి నీ మొదటి ఉత్తరం, నువ్వు గీసిన గరాజు బొమ్మ తెచ్చి ఒళ్ళో పెట్టాను. “దీన్ని కిందికి దింపి అమ్మాయికి పంపనా?” అన్నాను. ఆ కాగితాన్ని అరచేత్తో నిమిరి కళ్ళు మూసుకున్నారు. ఇంకేం చెప్పాలి? ఆయన వాడుకోలేరు, నీకు అవసరం. పదిహేనో తారీఖున ట్రాన్స్‌పోర్టువాళ్ళని రమ్మన్నాను. అందులోనే వార్డుకి పాత దుప్పట్లు కూడా పంపుతున్నాను, ఉతికినవే.

అత్తయ్య

*

ఏప్రిల్ 13

అత్తయ్యా,

మిషన్ పంపకు. కాగితం నిమిరితే పంపమని అర్థం కాదు. నా ఉత్తరం కాబట్టి నిమిరి ఉంటాడు. ఆ మిషన్ కళ్ళముందు నుంచి వెళ్ళిపోతే, తన పని ఇక అయిపోయిందని అందరూ తేల్చేశారనుకుంటాడు. నేను వచ్చేదాకా దాన్ని కదపనీయకు. పొద్దుటి నుంచీ ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఈ కాగితం వాళ్ళకన్నా ముందు చేరితే బాగుండును.

చిత్రిక

*

ఏప్రిల్ 16

అమ్మడూ,

వాళ్ళు నిన్న పొద్దున వచ్చారు. నీ ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇద్దరు మనుషులు. బోల్టులు విప్పారు, మిషన్ని దుప్పటిలో చుట్టారు, చెరో పక్కా ఎత్తారు. మీ మామయ్య కుర్చీ నేనే పక్కకి లాగాను, దారి ఇద్దామని. వాళ్ళు తలుపు దాకా వెళ్ళారు. అప్పుడు “ఆగు” అని వినబడింది.

నేను ఆ ముందున్నతను అన్నాడనుకున్నాను. అతను వెనకతను అన్నాడనుకున్నాడు. “ఏంటండీ, ఆగమంటారా?” అని నన్ను అడిగాడు. “నేనేం అనలేదు బాబూ” అన్నాను. ముగ్గురం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటుంటే మళ్ళీ వినబడింది. “ఆగు!” ఈసారి కసిరినట్టు. నలభై ఏళ్ళు విన్న కసురు అది. దాదాపు మూడు నెలల తరవాత మీ మామయ్య నోట్లోంచి వచ్చిన మొదటి మాట, అమ్మడూ. నామీద కోపంతో వచ్చింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వాళ్ళిద్దరూ ఆ బరువుతో పాపం అలాగే నిలబడిపోయారు.

ఆయన కుర్చీలో ముందుకి వంగి, తలుపు పక్కనున్న పొట్టి బల్లని ఎడమచేత్తో దబదబా బాదారు. వెలుతురు బాగుంటుందని, మిషన్ నడవని వేళ నేను అక్కడ కూర్చుని ఇస్త్రీ చేసుకునే బల్ల అది. “ఇక్కడ పెట్టాలా అయ్యగారూ?” అన్నాడు ఆ వెనకతను. నాకు తట్టనిది అతనికి తట్టింది. మిషన్ని దింపి పొట్టిబల్ల మీద పెట్టారు. మీ మామయ్య కుర్చీని తనే ఒంటిచేత్తో తోసుకుంటూ వెళ్ళారు. గోడకి తగిలారు, వెనక్కి వచ్చారు, మళ్ళీ వెళ్ళారు. మోకాళ్ళు బల్ల కిందికి సరిగ్గా పట్టాయి.

మిషన్, కిందికి, తలుపు. ఇన్నాళ్ళూ అదే చెబుతున్నారు. నేను ఇంట్లోంచి పంపేయమని విన్నాను.

వాళ్ళచేతే బోల్టులు బిగించాను. వాళ్ళు వెళ్ళాక ఆయన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి చెక్కముక్క మీద పెట్టుకున్నారు. రెండో చివర నేను పట్టుకున్నాను. మీట నొక్కాను. ఆ ముక్క ఏమీ బాగా రాలేదు, మధ్యలో ఒకచోట గుంటపడింది. ఆయన దాన్ని బొటనవేలితో తడిమి చూసి, మొహం చిట్లించి, అవతల పడేసి, ఇంకో ముక్క కోసం చెయ్యి చాచారు. సాయంత్రం దాకా అదే పని. నర్సు వచ్చి మా ఇద్దరి తలల మీదా పొట్టు దులిపి రక్తపోటు చూసి వెళ్ళింది.

నీకు ఏ మిషన్ కావాలో ఇప్పుడు నేను చెప్పగలను. నోటుపుస్తకం చూడకుండా, చేతులతో ముట్టుకుని చెబుతున్నాను. నిలబడే పెద్దది వద్దు, దాని ఎత్తుకి మనిషి వెళ్ళాలి. బల్ల మీద పెట్టుకునేదే కొను, తిరుగుతూ ఊగేదే కొను. మనిషి కూర్చోవలసి వచ్చిన రోజున దాన్ని మన ఎత్తుకి దింపుకోవచ్చు. నీ వార్డులో ఆ పిల్లలకి కూడా పెద్దయ్యాక ఏదో ఒకరోజు పనికిరావచ్చు. నువ్వు కొనేదాకా ఆ పలకలు ఇక్కడికి తీసుకురా, ఎన్నయితే అన్ని చేస్తాం.

ఒక్క విషయం ముందే చెబుతున్నాను, తికమకపడకు. ఆయనకి ప్రస్తుతం ఆ ఒక్క మాటే ఉంది. మంచినీళ్ళకీ ఆగు, దీపం వెయ్యమనడానికీ ఆగు, నేను పక్కనుంచి లేస్తే ఆగు, కూర్చుంటే ఆగు. పొద్దుటి నుంచీ ఏది దేనికో పోల్చుకోలేక సతమతమవుతున్నాను. ఇరవై ఒకటిన నువ్వు గుమ్మంలో అడుగుపెట్టగానే నిన్ను చూసి “ఆగు” అంటారు. నువ్వు ఆగకు. లోపలికి వచ్చెయ్యి.

అత్తయ్య